మార్టిన్ మస్తాన్ కూతురు

రోషన్ బీ రియాద్‌లోని కొడుకు ఇంటికి వచ్చి అప్పటికి ఇరవై మూడు రోజులు. వీసా మూడు నెలలకు ఇచ్చారు. మక్కాలో ఉమ్రా అయింది, మదీనా చూసి వచ్చింది, కొనవలసిన ఖర్జూరాలు కొనేసింది. ఇక చేయడానికి పనేమీ మిగల్లేదు. డెబ్బై ఏడేళ్ళు వచ్చినా పని లేకుండా కూర్చోవడం ఆమెకు అలవాటు కాలేదు. కోడలు ఖాలిదా వంటింట్లో అడుగు పెట్టనివ్వదు. మనవరాలు అఫ్షాన్ సెలవుల్లో ఉంది కాబట్టి ఆ పిల్లతో మాట్లాడుకుంటూ, కిటికీలోంచి నసీం వీధిలో పోయే కార్లు చూసుకుంటూ రోజులు నెట్టుకొస్తోంది.

ఆ బుధవారం మధ్యాహ్నం రియాజ్ అన్నానికి వచ్చి, చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడే గాని ముద్ద కలపలేదు.

"ఏంరా, ఒళ్ళు బాగలేదా?" అంది రోషన్ బీ.

"మళ్ళా కాలిపాయ మా."

"ఏంది కాలిపాయ?"

రియాజ్ సులైలో ఒక పెద్ద వర్క్‌షాపులో మెకానిక్. అల్ ఖర్జ్ దారిలో ఉన్న ఒక పాడి ఫారం వాళ్ళ పని ఆ వారం అతని మీద పడింది. ఆ ఫారంలో నాలుగు వందల ఆవులున్నాయి. వాటికి నీళ్ళు తోడేది ఒక పాత డీజిల్ ఇంజిన్. దాని షాఫ్టును మోసే మెయిన్ బేరింగు, రెండు సగం చిప్పలది, అరిగిపోయింది. కొత్తది దొరకాలంటే యూరప్ నుంచి నలభై రోజులు పడుతుంది. అందుకని వీళ్ళే లోపలి తెల్ల లోహాన్ని కొత్తగా కరిగించి పోసి, లేత్ మీద నున్నగా కోసి బిగించారు. మొదటిసారి పావుగంట తిరిగి పట్టేసింది. ఈ రోజు పది నిమిషాలు కూడా తిరగలేదు.

"ఎండ నలభై ఎనిమిది ఉండాది. ట్యాంకర్ల నీళ్ళు ఆవులు తాగడానికే సాలవు. పైనుంచి తుంపర కొట్టే ఫ్యాన్లు ఆగిపోయినాయి. నాలుకలు బయటేసుకోని రొప్పుతాండాయి మా. సూడలేకపోతి."

రోషన్ బీ కంచం కొడుకు దగ్గరికి జరిపింది. తర్వాత అడిగింది: "నీలం పూసి చూస్తిరా?"

"ఏం నీలం?"

"షాఫ్టుకు పల్చగా నీలిరంగు పూసి, బేరింగు చిప్ప దానిమింద పెట్టి అటూ ఇటూ ఆడించల్ల. యాడ తగుల్తాందో ఆడ నీలం అంటుతాది. ఆ చోటు గీకల్ల. మళ్ళా పూయల్ల, మళ్ళా గీకల్ల. మిషన్ మింద కోసి తెచ్చి బిగిస్తే ఎట్ల కూర్చుంటాదిరా? నలభై ఏండ్లు తిరిగిన షాఫ్టు ఇంగా గుండ్రంగా ఉందని నీకు ఎవురు జెప్పినారు?"

రియాజ్ తలెత్తి తల్లిని చూశాడు. ఆమె బూడిదరంగు కళ్ళలో ఎప్పుడో చిన్నప్పుడు చూసిన వెలుగు మళ్ళీ కనిపించింది.

గుంతకల్లులో గుత్తి రోడ్డు మీద వాళ్ళకొక షెడ్డు ఉండేది. వేరుశనగ రైతుల ఆయిల్ ఇంజిన్లు చుట్టుపక్కల యాభై ఊళ్ళ నుంచి బండ్ల మీద అక్కడికే వచ్చేవి. ఆ షెడ్డు రోషన్ బీ తండ్రిది. ఆమె అన్న సర్దార్ రైల్వేలో గుమాస్తాగా చేరిపోతే, తండ్రి పక్కన నిలబడి పని నేర్చుకున్నది ఆమే. ఆయన పోయాక ఇరవై ఐదేళ్ళు ఆ షెడ్డు ఆమె చేతి మీదే నడిచింది. పెళ్ళయినా, పిల్లలు పుట్టినా షెడ్డు వదల్లేదు. ఊళ్ళకు కరెంటు మోటార్లు వచ్చి ఆయిల్ ఇంజిన్లు మూలపడ్డాక తాళం వేసింది. అప్పటికి రియాజ్ ఐటీఐలో లేత్ నేర్చుకుంటున్నాడు. చేత్తో గీకే పని ఇక ఎవరిక్కావాలని అతనూ నేర్చుకోలేదు, ఆమె కూడా నేర్పలేదు.

"నన్ను తీస్కపో. నేను సూస్తా," అంది రోషన్ బీ.

రియాజ్ కంగారుపడ్డాడు. "యాడికి మా? ఈ ఎండలోనా? ఆడ అంతా మొగోళ్ళు. మా ఉస్తాద్ ముజాహిద్ ముప్పై ఏండ్ల నుంచి ఇదే పనిలో ఉండాడు. మాయమ్మ వచ్చి చేస్తాదంటే నవ్విపోతారు."

"నవ్వనీరా. నవ్వితే నాకేం ఒళ్ళు అరగదు. ఆవులు రొప్పుతాండాయని నువ్వే అంటివి గదా!"

అఫ్షాన్ అప్పటికే లేచి పైన వేసుకునే అబాయా తగిలించుకుంటోంది. "అబ్బూ, జేజిని తీస్కపోదాం. నేనూ వస్తా. ఆ ఫారం మేనేజర్ ఇంగ్లీషాయన అంటివి గదా, మాట్లాడేదానికి నేనుంటా."

"ఇంగ్లీషాయన కాదు, ఐర్లాండాయన. ఇంగ్లీషు అంటే కోపం చేస్తాడు," అన్నాడు రియాజ్, అన్నం ముద్ద కలుపుతూ. అంటే ఒప్పుకున్నట్టే.

ఐర్లాండ్ అన్న మాట వినగానే రోషన్ బీ చేతిలో గ్లాసు కింద పెట్టింది. పోయి, తన పెట్టెలోంచి కళ్ళద్దాలు తెచ్చుకుంది.

మరునాడు తెల్లవారి ఫజర్ నమాజు కాగానే బయల్దేరారు. దారిలో వర్క్‌షాపు దగ్గర ఆగి ఒక మూడంచుల పాత ఆకురాయి అడిగి తీసుకుంది. దాని పళ్ళు పూర్తిగా పోయేలా గ్రైండర్ మీద సానపట్టించి, అంచును తన బొటనవేలి గోటి మీద పెట్టి చూసుకుంది. మూడుసార్లు బాగాలేదని వెనక్కిచ్చింది. నాలుగోసారికి తల ఊపి, గుడ్డలో చుట్టి చేతిసంచిలో పెట్టుకుంది.

ముజాహిద్ తెల్లగడ్డం పెద్దమనిషి, పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్ వాడు. ఫారంలో ఇంజిన్ గది గుమ్మంలో ఆమెను చూసి మర్యాదగా సలాం చేశాడు గాని, రియాజ్‌ను పక్కకు పిలిచి ఉర్దూలో ఏదో గొణిగాడు. ఇద్దరు కుర్ర మెకానిక్‌లు మొహాలు తిప్పుకుని నవ్వుకున్నారు. రోషన్ బీకి అన్నీ వినపడ్డాయి. ఆమె పట్టించుకోకుండా సూటిగా షాఫ్టు దగ్గరికి పోయి, కళ్ళు మూసుకుని, అరచేత్తో దాన్ని చుట్టూ తడిమింది.

"ఈ పక్క కడుపొచ్చింది. ఆ కొసన సన్నబడింది. ఇట్లాంటిదానికి గుండ్రంగా కోసింది తొడిగితే కాలకేం జేస్తాది?" అంది.

ముజాహిద్ కొలత సాధనం తీసి ఆమె చూపిన చోటల్లా కొలిచాడు. కొలిచి, తన మెకానిక్‌ల వైపు తిరిగి, నవ్వు ఆపమని ఒక్క చూపు చూశాడు. ఆ తర్వాత తనే పోయి ఒక కుర్చీ, టేబుల్ ఫ్యాను తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. "బైఠియే, అమ్మాజీ."

పని మొదలైంది. రియాజ్ నీలం పూసేవాడు, చిప్పను షాఫ్టు మీద ఆనించి ఆడించి తీసి ఆమె ఒళ్ళో పెట్టేవాడు. తెల్లటి లోహం మీద ఒక మూల మాత్రం రెండు నీలి మచ్చలు. అంత బరువూ ఆ రెండు చోట్ల మీదే పడుతోందన్నమాట. ఆమె ఆకురాయి అంచును వాలుగా పట్టుకుని, ఆ మచ్చల మీద తేలిగ్గా లాగేది. గోటి మీది పొర కంటే సన్నగా లోహం లేచి వచ్చేది. మళ్ళీ నీలం. ఈసారి ఐదు మచ్చలు. మళ్ళీ గీకుడు. తొమ్మిది మచ్చలు.

పనిముట్టు ఒక్కసారి కూడా జారలేదు. అది ఆమె కూడా గమనించి లోపల్లోపల సంతోషపడింది. ముప్పై ఏళ్ళకు పైగా వాడని చేతులు ఏదీ మర్చిపోలేదు.

పది గంటలకు ఫారం మేనేజర్ వచ్చాడు. డెక్లన్ అని పేరు, యాభై దాటిన మనిషి, ఎండకు కందిపోయిన ముఖం. రెండు రోజులుగా నిద్ర లేనట్టుంది. గుమ్మంలో నిలబడి, ఒక ముసలావిడ ఒళ్ళో తన బేరింగును చూసి నోరు తెరిచాడు. అఫ్షాన్ ఇంగ్లీషులో విషయమంతా చెప్పింది. అతను చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

రెండో చిప్ప దగ్గరికి వచ్చేసరికి రోషన్ బీ పనిముట్టును కొడుకు చేతికిచ్చింది. "నేర్సుకో. నేనుంటానో ఉండనో."

రియాజ్ గీకడం మొదలుపెట్టాడు. కండ ఉన్న చెయ్యి, కొంచెం గట్టిగా పడింది. ఆమె చటుక్కున అతని మణికట్టు పట్టుకుంది. "గో రే, గో రే! ఒత్తద్దు. అది లోహం అనుకోవాకు, పసిబిడ్డ చెంప అనుకో. గో రే."

గోడ దగ్గర డెక్లన్ నిటారుగా నిలబడ్డాడు. రెండడుగులు ముందుకు వేసి, "ఆమె ఇప్పుడేమంది?" అని అఫ్షాన్‌ను అడిగాడు.

"నెమ్మదిగా చెయ్యమంది. మా జేజి ఎప్పుడూ అట్లనే అంటాది."

"ఆ మాట ఏ భాషదో ఆమెను అడుగు."

అఫ్షాన్ అడిగింది. రోషన్ బీ తలెత్తకుండానే జవాబిచ్చింది. "మా నాయన మాట. షెడ్డులో ఆయన అట్ల అంటాండె, మేమూ అట్లనే అంటిమి. ఏ భాషో మాకేం తెలుసు? పని భాష అనుకుంటిమి."

"అది మా భాష," అన్నాడు డెక్లన్. "ఐరిష్. గో రే అంటే నెమ్మదిగా అని. మా అమ్మ రోజూ అనేది. మీ నాన్నగారు ఎవరు?"

రోషన్ బీ అప్పుడు తలెత్తి అతన్ని బాగా చూసింది. ఆ మాట బయటివాళ్ళ నోట వినడం పుట్టి బుద్ధెరిగాక ఆమెకదే మొదటిసారి. చెప్పాలనుకున్నది గొంతు దాకా వచ్చింది. కాని ఒళ్ళో చిప్ప ఉంది, బయట ఆవులు రొప్పుతున్నాయి.

"ముందు పని కానీప్పా," అంది. "ఇంజిన్ తిరిగినంక చెప్తా."

మధ్యాహ్నం జొహర్ నమాజుకు ఒకసారి ఆగారు. ఆమె రెండు ఖర్జూరాలు, గ్లాసెడు మజ్జిగ తీసుకుని మళ్ళీ కూర్చుంది. మూడు గంటలు కావస్తుండగా రియాజ్ చిప్పను తిప్పి చూపించాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా నీలం సమంగా, చిన్నచిన్న చుక్కలుగా పరుచుకుని ఉంది. ముజాహిద్ దాన్ని వెలుతురులోకి తీసుకెళ్ళి చూసి, "మాషా అల్లాహ్," అన్నాడు మెల్లగా. ఆ రెండు చిప్పలను తనే స్వయంగా బిగించాడు.

ఇంజిన్ మొదటి దెబ్బకు అందుకుంది. పావుగంట గడిచింది. అరగంట. రియాజ్ గడియారం వంకా, బేరింగు వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. గంట అయ్యాక రోషన్ బీ లేచి, బేరింగు మీది ఇనుప కప్పు మీద అరచెయ్యి ఆనించి ఉంచింది. పాలు పితికేటప్పుడు ఆవు పొదుగు ఎంత వెచ్చగా ఉంటుందో అంతే ఉంది.

"ఇంగ తిరుగుతాది," అంది. "ఇది మనందరికంటే ఎక్కువ కాలం తిరుగుతాది."

ముజాహిద్ తన తలమీది రుమాలు తీసి గాల్లోకి విసిరాడు. పొద్దున నవ్విన కుర్రాళ్ళు ఈలలు వేశారు. బయట పాకల పొడుగునా ఫ్యాన్లు తిరిగి, నీటి తుంపర తెల్లటి పొగలా ఆవుల వీపుల మీదికి దిగింది. వందలాది ఆవులు ఒక్కసారి ముట్టెలెత్తి ఆ తుంపర కిందికి జరిగాయి. రోషన్ బీ వాటినే చూస్తూ నిలబడింది. తల్లి భుజం చుట్టూ చెయ్యి వేసి రియాజ్ పక్కన నిలబడ్డాడు. ముఖం తుడుచుకున్నాడు, అది చెమటో కన్నీరో తెలియలేదు.

డెక్లన్ ఆఫీసు గదిలో చల్లగా కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. అప్పుడు చెప్పింది రోషన్ బీ తన తండ్రి సంగతి. అఫ్షాన్ ఇంగ్లీషులోకి మార్చి చెబుతూ పోయింది.

ఆయన పేరు మార్టిన్ టూమీ. ఐర్లాండులో క్లేర్ అనే జిల్లా, సముద్రం ఒడ్డున కిల్కీ ఊరు. కమ్మరి కొడుకు. దేశంలో తుపాకులు పేలుతున్న రోజుల్లో, ఇరవై రెండేళ్ళ వయసులో, రైల్వే ఫిట్టరు ఉద్యోగానికి ఓడెక్కి మద్రాసులో దిగాడు. అక్కణ్ణుంచి గుంతకల్లు లోకో షెడ్డు. బాయిలరు దగ్గర పనిచేసే ఒకాయనకు రోజూ మధ్యాహ్నం రొట్టెలు తెచ్చే కూతురుండేది. ఆమె పేరు అమీరున్నీసా. ఆ పిల్లతో మాట్లాడటం కోసమే మార్టిన్ తెలుగు నేర్చుకున్నాడు. పెళ్ళి చేసుకుంటానంటే పైఅధికారులు పిలిచి బెదిరించారు. క్వార్టరు పోతుందన్నారు, క్లబ్బులో అడుగు పెట్టనివ్వమన్నారు. ఆయన ఉద్యోగం మానేస్తున్నానని కాగితం రాసి వాళ్ళ బల్ల మీద పెట్టి వచ్చేసి, గుత్తి రోడ్డు మీద సొంత షెడ్డు పెట్టాడు. కలిమా చదివి, ఇస్లాంలో చేరి మస్తాన్ అని పేరు పెట్టుకున్నాడు. మార్టిన్ అన్న పిలుపుకు దగ్గరగా ఉంటుందని అమీరున్నీసా తండ్రే ఎంచిన పేరది.

"పెండ్లి ఫోటో ఒకటి వాళ్ళమ్మకు పంపించినాడంట. జవాబు ఆయన అన్న రాసినాడు, ఒక్క వరస. 'మార్టిన్ అనేవాడు మాకు లేడు' అని. నాయన ఆ సంగతి మాకెవురికీ చెప్పల్యా. ఆయన పోయినంక మాయమ్మ చెప్పింది. ఆ జాబు వచ్చిన మర్నాడు గూడా పొద్దున్నే లేచి కొలిమి రాజేసినాడంట. మళ్ళా ఎప్పుడూ జాబు రాయల్యా. ఊరిని మటుకు ఒక్క మాట అనల్యా. సముద్రం గురించి చెప్తాండె. మాకు గుంతకల్లులో సముద్రం యాడిది? ఆయన చెప్తే విని తెలుసుకుంటిమి."

గుంతకల్లులో పిల్లలు ఆమెను దొర బిడ్డా అని వెక్కిరించేవారు. దొరలేమో వాళ్ళను ఇంటి మెట్లు ఎక్కనిచ్చేవారు కాదు. మార్టిన్ మస్తాన్ మాత్రం నలభై ఏళ్ళకు పైగా ఎవరి ఇంజినూ బాగుచెయ్యకుండా తిప్పి పంపలేదు. ఆయన జనాజాకు, ఆ ఆఖరి ఊరేగింపుకు, యాభై ఊళ్ళ రైతులు వచ్చారు.

డెక్లన్ పేర్లన్నీ కాగితం మీద రాసుకున్నాడు. "మా అమ్మ రిటైరయిన టీచరు. ఐర్లాండులో ఆమెకు తెలియని కుటుంబం లేదు," అన్నాడు.

రెండు వారాలు గడిచాయి. శుక్రవారం జుమా నమాజు తర్వాత డెక్లన్ నసీంలోని వాళ్ళింటికి వచ్చాడు. ఖాలిదా బిర్యానీ వడ్డించబోతే, ఒక్క నిమిషం ఆగమని ఫోనులో ఎవరికో వీడియో కాల్ చేసి, రోషన్ బీ చేతికిచ్చాడు.

తెర మీద తెల్లజుట్టు ఆవిడ ఉంది. ఆమె కళ్ళు కూడా బూడిదరంగువే. రోషన్ బీ ఫోనును ముఖానికి దగ్గరగా జరుపుకుంది.

ఆమె పేరు నోరా, డెక్లన్ తల్లి వెతికి పట్టుకున్న మనిషి. ఆ ఒక్క వరస జాబు రాసిన అన్నకు మనవరాలు. అఫ్షాన్ పక్కన కూర్చుని చెబుతూ ఉంటే రోషన్ బీ విన్నది. ఆ జాబు సంగతి మార్టిన్ తల్లికి తెలియనే తెలియదు. చిన్నకొడుకు జ్వరమొచ్చి పోయాడని ఆమెకు చెప్పారు. బతికినన్నాళ్ళూ ప్రతి ఏడూ అతని పేరున ప్రార్థన చేయించింది. అన్న చనిపోయాక, అతని మంచం కింది రేకు పెట్టెలో పెళ్ళి ఫోటో దొరికింది. అతను దాచాడే గాని చింపలేకపోయాడు. నోరా, ఆమె తండ్రి ఏళ్ళ తరబడి వెతికారు. మార్టిన్ టూమీ అనే పేరు కోసం మద్రాసులో, బొంబాయిలో గోరీలన్నీ వెతికించారు. మస్తాన్ అనే పేరుతో వెతకాలని వాళ్ళకెలా తెలుస్తుంది?

"ఇదిగో," అని నోరా ఆ ఫోటోను తెర దగ్గరగా పెట్టింది.

పొడుగాటి మనిషి, చేతిలో టోపీ. పక్కన తలమీద కొంగు కప్పుకుని పద్దెనిమిదేళ్ళ పిల్ల, నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటోంది. రోషన్ బీ ఎరిగిన తల్లి వంగిన నడుముతో, పొగకు మసకబారిన కళ్ళతో ఉండేది. వాళ్ళింట్లో ఆమె వయసులో ఉన్నప్పటి ఫోటో ఒక్కటీ లేదు.

"అఫ్షూ, చూడే!" అని అరిచింది రోషన్ బీ. "మాయమ్మ! ఎంత బాగుందో చూడు! అచ్చం నువ్వే!"

ఆ తర్వాత ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. అటువైపు నోరా కూడా ఏడుస్తూ తాత చేసినదానికి క్షమించమంది.

"మీ జేజినాయన చేసినదానికి నువ్వేడ్చేదేందమ్మా?" అంది రోషన్ బీ. "ఫోటో ఇన్నాళ్ళు భద్రంగా పెట్టినారు. నాకు మాయమ్మను చూపిస్తివి. ఇంగేం కావల్ల నాకు?"

కిల్కీలో టూమీ కుటుంబం సమాధి రాయి మీద అందరి పేర్లూ ఉన్నాయనీ, మార్టిన్ పేరు మాత్రం లేదనీ, ఇప్పుడు చెక్కిస్తామనీ, ఎలా రాయాలో ఆమే చెప్పాలనీ నోరా అడిగింది. రోషన్ బీ ఆలోచించడానికి ఒక్క నిమిషం కూడా తీసుకోలేదు. కాగితం, పెన్ను అడిగి, రైల్వే స్కూల్లో నేర్చిన గుండ్రటి అక్షరాలతో తెలుగులో రాసింది: మార్టిన్ మస్తాన్ టూమీ, గుత్తి రోడ్డు, గుంతకల్లు. కింద తన తల్లి పేరు రాసింది. "పక్కన ఇంగ్లీషులో ఏమన్నా రాసుకోండి. ఇది మటుకు ఇట్లనే ఉండల్ల."

వీసాలో మిగిలిన రోజులు ఎలా గడిచాయో ఆమెకు తెలియలేదు. వర్క్‌షాపు యజమాని అబూ ఫారిస్ స్వయంగా వచ్చి, ఇంకో మూడు నెలలు వీసా పొడిగించే పూచీ తనదని చెప్పి, తన పనివాళ్ళకు ఆ విద్య నేర్పమని కోరాడు. ఉదయం ఎనిమిదికి కారు వచ్చేది. ఆరుగురు మెకానిక్‌లు, అందరికంటే ముందు వరసలో ముజాహిద్, ఆమె చుట్టూ చిప్పలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. ఇప్పుడు ఖాలిదా అత్తగారికి రోజూ టిఫిను డబ్బా కట్టిచ్చేది. వర్క్‌షాపులో ఆమెను అందరూ ఉస్తాద్ అమ్మా అని పిలిచేవారు. మొదట్లో సిగ్గుపడిన రియాజే, బయటి నుంచి ఎవరొచ్చినా, "మాయమ్మ," అని ముందుగా చూపించేవాడు.

అక్టోబరులో ఒక పొద్దున పాఠం మధ్యలో అఫ్షాన్ ఫోను చేసింది. నోరా ఫోటో పంపించిందట. రియాజ్ తన ఫోను తెరిచి తల్లి చేతిలో పెట్టాడు. బూడిదరంగు సముద్రం, గడ్డి, పాత రాయి. దాని మీద కొత్తగా చెక్కిన తెలుగు అక్షరాలు. తెలుగు ఎన్నడూ చూడని ఎవరో మనిషి ఆమె చేతిరాతను వంపు వంపునా దింపాడు.

పనివాళ్ళు చుట్టూ మూగారు. రోషన్ బీ కళ్ళద్దాలు సర్దుకుని, ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి, ఒక్కొక్క అక్షరం మీదికి జరుపుతూ చాలాసేపు చూసింది.

"'గుత్తి'లో తవత్తు కొంచెం పక్కకు పోయింది," అంది చివరికి. "కానీ మంచి చెయ్యిరా రియాజూ. తొందరపడల్యా, అంచు యాడా పగలగొట్టల్యా. పనోడు!"

ఫోను కొడుక్కిచ్చి, ముజాహిద్ ఒళ్ళోని చిప్ప వైపు వంగి, "ఏదీ, నీది చూపించు," అంది.